పట్టికలో పై వరస

వ్యాపారం చెయ్యడం ఒక విద్య. వ్యాపారం చేస్తున్నామని నలుగురికీ తెలియజెయ్యడం ఇంకొక విద్య. ఈ రెండోది మొదటిదానికన్నా కష్టమేమోనని నాకు అనుమానం. సంతలో గాజులవాడు కేక పెట్టడం, సోడాబండి వాడు సీసాల మీద ఇనుపముక్కతో టకటకలాడించడం, బట్టలకొట్టు గుమాస్తా గుమ్మంలో నిలబడి "రండి రండి, చూడ్డానికి డబ్బక్కర్లేదు" అని దారినపోయేవాళ్ళ చెయ్యి పట్టుకు లాగినంత పని చెయ్యడం, ఇదంతా ఆ విద్యే. కొనేవాడు కేకకు అందే దూరంలో వున్నన్నాళ్ళూ దీనికి పెద్ద శాస్త్రమేమీ అక్కర లేకపోయింది. కొనేవాడొక ఊళ్ళో, అమ్మేవాడొక ఊళ్ళో అయిపోయాకే చిక్కు వచ్చిపడింది. ఇద్దరికీ మధ్య ఒక పట్టిక కావలసివచ్చింది. పట్టిక అంటూ వచ్చాక ముందెవరు, వెనకెవరు అనే తగవు రాక మానుతుందా?

ఇవాళ వెబ్‌సైటు పెట్టుకున్న వ్యాపారస్థుల్ని కదిలించి చూడండి. పొద్దున్న లేవగానే దేవుడి పటానికి దణ్ణం పెట్టుకోవడం మరిచిపోయినా, గూగుల్‌లో తన చోటు ఎన్నోదో చూసుకోవడం మరిచిపోడు. నిన్న మూడో వరసలో వున్నవాడు ఇవాళ పదమూడో వరసలోకి పోతే ఆ రోజుకి అన్నం సయించదు. తాను మార్పు చేసినా భయమే, గూగుల్ మార్పు చేసినా భయమే. ఈ భయానికి పెద్ద వయసేమీ లేదు. పట్టుమని మూడు దశాబ్దాలు. కాని ఆ కొద్దికాలంలోనే దానికి ఒక చరిత్ర ఏర్పడింది. ఆ చరిత్ర రాజుల చరిత్రకేమీ తీసిపోదు. అందులో కోటలు కూలాయి, దొంగనాణేలు చెల్లాయి, అభియోగాలు నడిచాయి.

మొదటి పట్టికలు అచ్చుపుస్తకాలు. అమెరికాలో రూబెన్ డోనెల్లీ అనే ఆయన 1886లో వ్యాపారస్థుల పేర్లతో అచ్చువేసిన డైరెక్టరీ పచ్చకాగితాల పుస్తకానికి మూలపురుషుడు. అందులో వరస అక్షరక్రమం. ఇంతకన్నా న్యాయమైన పద్ధతి ఏముంటుందని మీరనవచ్చు. వ్యాపారి న్యాయాన్ని చూడడు, సందును చూస్తాడు. కొళాయిలు బాగుచేసేవాళ్ళూ, తాళాలు తీసేవాళ్ళూ తమ దుకాణాలకు 'ఏ వన్' అనీ 'ఏఏఏ' అనీ పేర్లు పెట్టుకోవడం మొదలుపెట్టారు. కొళాయి కారుతున్నవాడు పుస్తకం చివరిదాకా చదువుతాడా, మొదటి పేరుకే ఫోన్ చేస్తాడు. ఆ పద్ధతి మనకీ గట్టిగా వచ్చివుంటే అప్పారావులూ అనంతయ్యలూ కోటీశ్వరులయ్యేవారు, పాపం హనుమంతరావుగారి కొట్టుకి ఈగలే దిక్కయ్యేవి. మొదటి వరస కోసం పేరునే మార్చుకునే ఈ కిటుకు కంప్యూటర్ పుట్టకముందుదని గమనించండి. తర్వాత జరిగినదంతా దీని విస్తరణే.

1994లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అనే ఇద్దరు విద్యార్థులు తమకు నచ్చిన వెబ్‌సైట్లను శాఖలవారీగా జాబితా వేసిపెట్టారు. అదే యాహూ అయింది. అక్కడ మనుషులు కూర్చుని, ఒక్కొక్క వెబ్‌సైటునీ చూసి, ఏ అరలో పెట్టాలో నిర్ణయించేవారు. మన గ్రంథాలయాల్లో పుస్తకాలకి నంబర్లు వేసే పెద్దమనుషుల వంటివారన్నమాట. అర లోపల వరస మళ్ళీ అక్షరక్రమమే. కనుక ఏఏఏలు ఇక్కడికీ తయారయ్యారు. 2001 చివరికల్లా వ్యాపార సంస్థల దగ్గర యాహూ ఈ పట్టికలో చోటుకి ఏడాదికి 299 డాలర్లు వసూలు చెయ్యసాగింది. వెబ్‌సైట్లు వేల నుంచి లక్షలకీ, లక్షల నుంచి కోట్లకీ పెరిగిపోతూంటే అరల్లో సర్దడం మనుషుల వల్ల ఎక్కడవుతుంది? 2014 డిసెంబరులో ఆ డైరెక్టరీని మూసేశారు. డబ్బు కట్టినవాళ్ళ చోటూ దానితోపాటే పోయింది.

మనుషులు చెయ్యలేని పనిని యంత్రానికి అప్పగించినవాటిలో పేరుపడ్డది ఆల్టావిస్టా. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారు 1995 డిసెంబరులో దాన్ని జనానికి తెరిచారు. మీరు ఒక మాట అడిగితే ఆ మాట వున్న పుటలన్నీ క్షణంలో ఏరి చూపించేది. అప్పట్లో అది ఇంద్రజాలంలాగే వుండేది. అయితే ఏ పుట ముందుండాలి? ఆ మాట ఎక్కువగా వున్న పుట ముందుండాలి. యంత్రానికి అంతకన్నా తెలీదు. ఈ సంగతి వ్యాపారులకి తెలిశాక వాళ్ళు ఊరుకుంటారా? తెల్లటి పుట మీద తెల్లటి అక్షరాలతో ఆ మాటనే వందసార్లు రాసిపెట్టారు. మనిషి కంటికి కనబడదు, యంత్రానికి కనబడుతుంది. పుట తలకాయలో, చదివేవాళ్ళకి కనిపించని చోట 'కీవర్డు'లని ఒక వరస రాసే సదుపాయం వుండేది. చెప్పులు అమ్మేవాడు అందులో సినిమాతారల పేర్లు కూడా చేర్చాడు. ఎందుకంటే జనం ఆ పేర్లే వెతుకుతారు మరి. గూగుల్ అయితే ఆ కీవర్డులను వరస నిర్ణయించడానికి అసలు లెక్కలోకే తీసుకోవడం లేదని 2009లో తేటతెల్లంగా ప్రకటించింది. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి వాటిని రాసిపెట్టి డబ్బు పుచ్చుకున్న నిపుణుల్ని నేనెరుగుదును. ఆల్టావిస్టాను 2013 జులై 8న ఆపేశారు.

మధ్యలో గూగుల్ పేరు వచ్చేసింది కాబట్టి ఆ కథకే వద్దాం. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ కూడా స్టాన్‌ఫర్డ్ విద్యార్థులే. వాళ్ళకి తట్టిన ఊహ నిజానికి పాత ఊహే. యూజీన్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ 1960లలో శాస్త్రవ్యాసాలకి ఒక చిత్రమైన సూచిక తయారుచేశాడు. ఏ వ్యాసాన్ని ఏయే తర్వాతి వ్యాసాలు ప్రస్తావించాయో అందులో కనిపిస్తుంది. పదిమంది పండితులు ప్రస్తావించిన వ్యాసం ఘనమైనదని లెక్క. పేజ్, బ్రిన్ దీన్ని వెబ్‌సైట్లకి పట్టించారు. ఒక వెబ్‌సైటు మరో వెబ్‌సైటుకి లింకు ఇవ్వడమంటే దాని గురించి ఒక మంచిమాట చెప్పినట్టే. ఆ చెప్పేవాడు ఎంత పెద్దమనిషి అయితే ఆ మాటకి అంత బరువు. మన ఊళ్ళో సంబంధం కుదుర్చుకునేటప్పుడు నలుగురినీ వాకబు చెయ్యడం లేదూ, మునసబుగారి మాటకి ఒక బరువు, కల్లుపాకలో కూర్చున్నవాడి మాటకి ఇంకొక బరువు ఇవ్వడం లేదూ, సరిగ్గా అదే. 1998లో ఈ పద్ధతిని వివరిస్తూ వాళ్ళు ఒక వ్యాసం రాశారు. ప్రకటనల డబ్బుతో నడిచే వెతుకుడు యంత్రం సహజంగానే ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని ఆ వ్యాసం చివర వాళ్ళే హెచ్చరించారు. 2000 అక్టోబరులో గూగుల్ ప్రకటనల వ్యాపారం ప్రారంభించింది. వ్యాఖ్య అనవసరం.

తొలిరోజుల్లో ఈ పద్ధతి అందర్నీ మెప్పించింది. తన గురించి తాను ఎన్ని గొప్పలైనా చెప్పుకోవచ్చు గాని, ఊరివాళ్ళ చేత చెప్పించుకోవడం తేలిక కాదు గదా అని అందరూ అనుకున్నారు. వ్యాపారికి తేలిక కానిదేముంది? మంచిమాటకి విలువ కట్టాక దానికి బజారు పుడుతుంది. లింకుల అమ్మకం మొదలైంది. ఓక్లహోమాలో సెర్చ్‌కింగ్ అనే సంస్థ బహిరంగంగా ఆ బేరమే పెట్టింది. ఎక్కువ మార్కులున్న వెబ్‌సైట్ల మీద చోటు ఇప్పిస్తాం, డబ్బివ్వండి అన్నది. గూగుల్ వెబ్‌సైట్లకి పదికి ఇన్నని బహిరంగంగా మార్కులు చూపించే రోజులవి. 2002లో ఉన్నట్టుండి ఆ సంస్థ మార్కులు 8 నుంచి 4కి పడిపోయాయి. వాళ్ళు గూగుల్ మీద కోర్టుకెక్కారు. 2003 మే నెలలో తీర్పు వచ్చింది. ఈ మార్కులు గూగుల్‌వారి అభిప్రాయం మాత్రమేననీ, అభిప్రాయం చెప్పుకునే హక్కు అమెరికా రాజ్యాంగమే ఇచ్చిందనీ ఆ తీర్పు సారాంశం.

ఈ తీర్పు దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది. అప్పటిదాకా వ్యాపారులు ఆ వరసను తమ ఆస్తి అనుకున్నారు. సంపాదించుకున్నాం కాబట్టి మాది అనుకున్నారు. కోర్టు వారేమో అది మీది కాదు, వాళ్ళ నోటిమాట అన్నారు. నోటిమాటకి పట్టా ఎక్కడుంటుంది? ఇతరుల స్థలంలో ఇల్లు కట్టుకున్నామని అప్పుడు గాని తెలిసిరాలేదు. తెలిసొచ్చాక కూడా ఎవరూ ఖాళీ చెయ్యలేదు. బజారంతా ఆ స్థలంలోనే వుంటే ఎక్కడికి పోతారు?

ఆ సంవత్సరమే నవంబరు నెలలో పిడుగుపడింది. నవంబరు అంటే మన కోస్తావాళ్ళకి వేరే చెప్పనక్కర లేదు, తుపానుల మాసం. 2003 నవంబరు 16 ప్రాంతంలో గూగుల్ తన లెక్కల పద్ధతిని పెద్దయెత్తున మార్చింది. తుపానులకి పేర్లు పెట్టినట్టు ఆ రంగంలోనివాళ్ళు దానికి 'ఫ్లోరిడా' అని పేరు పెట్టుకున్నారు. క్రిస్మస్‌కి ఇంకా ఆరువారాలు కూడా లేదు. మన వస్త్రవ్యాపారులకి దసరా, సంక్రాంతి ఎలాగో అక్కడి చిన్న వర్తకులకి అది అలాంటి అదను. ఏడాది సరుకంతా అప్పుచేసి తెచ్చి గోదాములో పెట్టుకున్నారు. తెల్లవారి చూసుకుంటే తమ దుకాణం పట్టికలో లేదు. మొదటి పుటలో కాదు, పదో పుటలోనూ లేదు. ఫోనులు మోగడం మానేశాయి. తప్పుడు కిటుకులు వాడినవాళ్ళతోపాటు ఏ పాపం ఎరగనివాళ్ళూ కొట్టుకుపోయారని అప్పట్లో గగ్గోలు పుట్టింది. ఉప్పెన వచ్చినప్పుడు దొంగ ఇల్లు, దొర ఇల్లు అని చూస్తుందా?

పెద్దవాళ్ళు పట్టుబడినప్పుడు మాత్రం కథలు వేరుగా నడిచాయి. 2006 ఫిబ్రవరిలో జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. కార్ల కంపెనీ వెబ్‌సైటుని గూగుల్ పట్టికలోంచి తీసేసింది. యంత్రానికి ఒక పుట, మనిషికి ఒక పుట చూపించారని అభియోగం. యంత్రానికి చూపిన పుటనిండా 'పాతకార్లు' అనే మాటే. కంపెనీవారు ఆ పుటలు తీసేశారు, కొద్దిరోజుల్లోనే మళ్ళీ పట్టికలోకి వచ్చేశారు. ఇంకా రంజుగా వుండేది జె.సి.పెన్నీ కథ. అది అమెరికాలో ఊరూరా శాఖలున్న పాత దుకాణం. 2010 చివర పండగలరోజుల్లో దుస్తులని వెతికినా, పరుపు దుప్పట్లని వెతికినా, తివాచీలని వెతికినా పట్టికలో పైన పెన్నీ దుకాణమే కనబడేది. సామ్‌సొనైట్ పెట్టెలు కావాలని వెతికితే సామ్‌సొనైట్ కంపెనీ కన్నా పైన పెన్నీ కనబడేది! న్యూయార్క్ టైమ్స్ విలేఖరి డేవిడ్ సెగల్‌కి ఇది వింతగా తోచింది. ఆరాతీయగా, దుస్తులకీ పరుపులకీ ఏమీ సంబంధం లేని వందలాది వెబ్‌సైట్లు పెన్నీ దుకాణానికి లింకులిస్తున్నాయని తేలింది. చెట్టుపేరు చెప్పి కాయలమ్ముకోవడం విన్నాం గాని, ఇక్కడ చెట్లనే బాడుగకి తెచ్చారన్నమాట. సంగతి చెవిన పడగానే, 2011 ఫిబ్రవరి 9 సాయంత్రం గూగుల్ చర్య తీసుకుంది. ఏడు గంటలకి సామ్‌సొనైట్ పెట్టెల వరసలో మొదటి స్థానంలో వున్న పెన్నీ, రెండు గంటల తర్వాత 71వ స్థానంలో వుంది. ముందుగది సామాను వరసలో మొదటి స్థానం నుంచి 68కి జారింది. ఈ లింకుల సంగతి తమకేమీ తెలియదని పెన్నీవారు అన్నారు, ఆ పని చూసే సలహా సంస్థను తొలగించారు.

ఆ నెలాఖరుకే గూగుల్ 'పాండా' అనే మార్పు తెచ్చింది. ఇది జంతువు పేరు కాదు, నవనీత్ పాండా అనే ఇంజనీరు ఇంటిపేరు. ఎవరి రాతలో తెచ్చి అతికించిన పుటలనీ, కూలికి టన్నులకొద్దీ రాయించిన పుటలనీ కిందికి తోసెయ్యడం దాని ఉద్దేశం. అమెరికాలో అడిగే ప్రశ్నల్లో 11.8 శాతం వాటి జవాబులు దానితో తారుమారయ్యాయని గూగులే చెప్పింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 'పెంగ్విన్' వచ్చింది. ఇది కొన్న లింకుల మీద దాడి. దానితో ఒక తమాషా జరిగింది. నిన్నటిదాకా డబ్బిచ్చి లింకులు కొన్నవాళ్ళు ఇప్పుడు "బాబ్బాబు, మా పేరు మీ వెబ్‌సైటులోంచి తీసెయ్యండి" అని బతిమాలుకుంటూ ఉత్తరాలు రాయసాగారు. కొందరు తీసెయ్యడానికి మళ్ళీ డబ్బడిగారు! చివరికి 2012 అక్టోబరులో గూగుల్ ఒక సాధనం ఇచ్చింది. ఫలానా ఫలానా లింకులతో మాకు సంబంధం లేదు, లెక్కించవద్దు అని వ్యాపారి తానే రాసిచ్చుకోవచ్చు. చెడిపోయిన కొడుకుతో నాకు సంబంధం లేదని పత్రికలో ప్రకటన వేయించినట్టు.

ఇంతవరకూ చెప్పినవన్నీ పైనుంచి వచ్చిన మార్పులు. కాని నేను చూసినంతలో ఎక్కువ దుకాణాలు మునిగింది వీటివల్ల కాదు, తమంతట తాము చేసుకున్న మార్పులవల్ల. ఇల్లు కట్టి చూడు, పెళ్ళిచేసి చూడు అన్న పెద్దలు ఇవాళ వుంటే, వెబ్‌సైటు మార్చి చూడు అనేవారు. పాత వెబ్‌సైటు కళ తప్పిందని కొత్తది కట్టిస్తారు. రంగులు బాగుంటాయి, బొమ్మలు బాగుంటాయి. కాని కట్టేవాడు లోపలి పుటల చిరునామాలన్నీ మార్చేస్తాడు. ఊళ్ళో నలుగురి దగ్గరా వున్నది పాత చిరునామా. యంత్రం దగ్గర వున్నదీ పాత చిరునామాయే. ఏళ్ళ తరబడి వచ్చిన మంచిమాటలన్నీ ఆ పాత గుమ్మానికే వచ్చి చేరుతుంటాయి. అక్కడ చూస్తే తలుపు లేదు, గోడ లేదు. '404, దొరకలేదు' అని ఒక బోర్డు. ఏరు దాటి తెప్ప తగలేసినవాడైనా తాను అవతలి ఒడ్డుకి చేరాకే తగలేశాడు. వీళ్ళు సరుకంతా తెప్పమీదుండగానే నిప్పంటిస్తారు.

దీనికి మందు వెబ్‌తో పాటే పుట్టింది. మనం ఇల్లు మారినప్పుడు పోస్టాఫీసులో అర్జీ ఇచ్చివస్తాం, మాకు వచ్చే ఉత్తరాలు ఫలానా చోటికి పంపండని. వెబ్‌లోనూ అదే ఏర్పాటు వుంది. దాని సంఖ్య 301. "శాశ్వతంగా ఇల్లు మారాం, కొత్త చిరునామా ఇది" అని దాని అర్థం. 302 అని ఇంకోటుంది. "తాత్కాలికంగా పక్కింట్లో వున్నాం, మళ్ళీ వస్తాం" అని. 1996లో వెలువడిన హెచ్.టి.టి.పి. నియమావళిలోనే రెండూ వున్నాయి. శాశ్వతంగా వెళ్ళినవాడు 302 తగిలిస్తే యంత్రం తికమకపడుతుంది, ఈయన తిరిగొస్తాడు కాబోలునని చాలాకాలం పాత పేరే పట్టుకుని కూర్చుంటుంది. ఇలా దారి మళ్ళించినప్పుడు కొంత విలువ పోతుందని, బంగారం పనిలో తరుగు తీసినట్టు, గూగుల్ ఇంజనీర్లే 2010లో ఒప్పుకున్నారు. 2016లో ఆ తరుగు ఇక లేదన్నారు. కనీసం ఒక సంవత్సరంపాటైనా ఈ మళ్ళింపు వుంచమని వాళ్ళ సలహా. నన్నడిగితే తీసెయ్యనే వద్దంటాను. దానికి అయ్యే ఖర్చేముంది గనక?

అసలు చిరునామాలు మార్చడమే ఎందుకని ప్రశ్నించిన మహానుభావుడు, ఈ వెబ్‌ని సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ. 1998లో ఆయన చిన్న వ్యాసం ఒకటి రాశాడు. చిరునామాలు వాటంతటవి మారవు, మనుషులు మారుస్తారు అనేది అందులో ఆయన ఫిర్యాదు. రాసినవాడి పేరూ, శాఖ పేరూ, వాడిన సాఫ్ట్‌వేర్ పేరూ చిరునామాలో ఇరికిస్తే అవి మారినప్పుడల్లా చిరునామా మార్చక తప్పదు, కనుక ఇరికించవద్దు అని బోధించాడు. ఆయన అనేది రెండు తరాలకి చెల్లే పేరు పెట్టుకొమ్మనే. ఎంతమంది విన్నారంటారు?

మంగళగిరి చీరలమ్మే కుర్రవాడొకడు నాకు తెలుసు. మా స్నేహితుడి కొడుకు, నన్ను బాబాయ్ అంటాడు. తండ్రి కొట్టు నడిపితే వీడు వెబ్‌సైటు నడిపాడు. నిజాం అంచు చీర కావాలని డల్లాస్‌లో కూర్చుని వెతికే తెలుగు ఇల్లాలికి మొదటి పుటలోనే వీడి పేరు కనబడేది. ఎనిమిదేళ్ళు అలా సాగింది. నాలుగువందల పైచిలుకు పుటలు, ఒక్కొక్క చీరరకానికి ఒక్కొక్కటి. ఆ తర్వాత ఎవరో చెప్పారని కొత్త వెబ్‌సైటు కట్టించాడు. నెల తిరిగేసరికి ఆర్డర్లు పల్చబడ్డాయి. రెండోనెలకి మగ్గాల వాళ్ళకి చెప్పాల్సినమాట చెప్పలేక మొహం చాటేసుకు తిరిగాడు. వీడి ఆర్డర్ల మీద ఆధారపడి ఆరిళ్ళు వున్నాయి మరి. గూగుల్ పగబట్టిందన్నారు ఒకరు, ప్రకటనలకి డబ్బు పొయ్యమన్నారు ఇంకొకరు. చివరికి గుట్టు విప్పింది డల్లాస్ ఆవిడే. "మీ కొట్టు ఎత్తేశారా అబ్బాయ్? నేను దాచుకున్న లింకు తెరుచుకోవటం లేదు" అని మెసేజి పెట్టింది.

కట్టినవాళ్ళని నిలదీస్తే, పాత చిరునామాలన్నిటినీ కలిపి కొత్త వెబ్‌సైటు ముఖద్వారానికి మళ్ళించేస్తాం, సరిపోతుందన్నారు. సరిపోదు. జాకెట్టుగుడ్డ కోసం వచ్చినవాణ్ణి సింహద్వారం దగ్గర నిలబెట్టి పొమ్మంటే ఏం లాభం? అలా మూకుమ్మడిగా మళ్ళిస్తే గూగుల్ కూడా పాత పుట చచ్చిపోయిందనే లెక్కకట్టవచ్చు. అందుకని వాడు పాత చిరునామాల జాబితా అంతా పెద్దకాగితాల మీద అచ్చుతీయించాడు. ఎదురుగా కొత్త చిరునామా చేత్తో రాశాడు. ఈ చీరకి ఆ చీర, ఈ అంచుకి ఆ అంచు. అమ్మకం ఆపేసిన రకాల పుటలు కూడా తీసెయ్యకుండా, దానికి దగ్గరి రకం చూపించాడు. తొమ్మిది రాత్రులు పట్టింది. పాతచోటు తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. అన్ని మాటలకీ రాలేదు, కొన్నిటికి ఇప్పటికీ రెండో పుటే. కాని మగ్గాలు ఆగలేదు. ఇంకో సంగతి. ఆ నాలుగు నెలలూ వాణ్ణి బతికించింది గూగుల్ కాదు, చీరతోపాటు పెట్టెలో వేసి పంపిన చీటీమీది పేరు గుర్తుపెట్టుకుని, ఆ పేరే టైపు చేసి వచ్చిన పాత ఖాతాదార్లు.

మన తెలుగుకి ఈ చరిత్రలో ఒక ప్రత్యేకమైన పేజీ వుంది. 1990ల చివర్లోనూ 2000ల మొదట్లోనూ తెలుగు పత్రికలు చాలావరకు తమ తమ సొంత ఫాంట్లతో వెబ్‌సైట్లు నడిపాయి. తెరమీద చూస్తే గుండ్రటి తెలుగు అక్షరాలు. ఫాంటు తీసేసి చూస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. ఒక పత్రిక 'అమ్మ' అనే మాటని దాచిన తీరు ఒకటి, ఇంకో పత్రికది మరొకటి. యంత్రానికి అందులో తెలుగు కనబడదు. నాలుకమీద బీజాక్షరాలు రాసినట్టు, వున్నాయంటే వున్నాయి, లేవంటే లేవు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు కేటాయించినా, ఆ ఇంటికి మనవాళ్ళు కాపరం మార్చడానికి చాలాకాలం పట్టింది. మారినప్పుడు పాత పుటల్ని కూడా మార్చి తెచ్చుకున్నచోట ఆ ఏళ్ళ రాతలు బతికాయి. మార్చకుండా వదిలేసినచోట, ఇవాళ తెలుగులో ఎంత వెతికినా ఆ రాతలు దొరకవు. వ్యాపారికి చోటు పోతే ఆర్డర్లు పోతాయి. ఇక్కడ పోయింది పదేళ్ళ జ్ఞాపకం.

తర్వాతి మార్పుల్ని గబగబా చెప్పేస్తాను. 2014 ఆగస్టులో తాళంగుర్తు వున్న చిరునామాలకి కొంచెం మొగ్గు చూపిస్తామని గూగుల్ ప్రకటించింది. దాంతో అందరూ చిరునామాలో ఒక అక్షరం పెంచుకోవలసి వచ్చింది, మళ్ళీ 301ల పని. 2015 ఏప్రిల్ 21 నుంచి ఫోన్ తెరమీద చక్కగా కనబడే పుటలకి ఫోన్‌లో వెతికినప్పుడు పెద్దపీట వేశారు. ఇవి ముందుగా చెప్పి చేసిన మార్పులు కనుక మేలుకున్నవాళ్ళు మేలుకున్నారు. చెప్పకుండా జరిగేవాటికి లెక్కే లేదు. కాదు, లెక్క వుంది. 2018 ఒక్క సంవత్సరంలో వెతికే పద్ధతిలో 3,234 మార్పులు చేశామని గూగుల్ చెప్పుకుంది. రోజుకి దాదాపు తొమ్మిది. ప్రతి మార్పుకీ గుండెలు బాదుకునే వ్యాపారి ఇక సరుకెప్పుడు చూసుకుంటాడు? 2024 మే నెల నుంచి అమెరికాలో, ఆగస్టు నుంచి మన దేశంలో, కృత్రిమ మేధ తయారుచేసిన జవాబు పట్టికకి పైన వచ్చి కూర్చుంటోంది. మొదటి వరసవాడికి కూడా పైన ఇంకో అరుగు కట్టారన్నమాట. చదివేవాడు ఆ అరుగు దగ్గరే దాహం తీర్చుకుని వెళ్ళిపోతే, లోపల కొట్టువాడి గతేమిటన్నది కొత్త తగవు.

అన్నీ సవ్యంగా చేసుకున్నా ఒడ్డెక్కనివాళ్ళున్నారు. ఇంగ్లండులో ఆడమ్ రాఫ్, శివాన్ రాఫ్ అనే దంపతులు 'ఫౌండెమ్' అనే వెబ్‌సైటు పెట్టారు. ఏ వస్తువు ఎక్కడ చవగ్గా దొరుకుతుందో పోల్చి చూపేది. 2006 జూన్‌లో దాన్ని తెరిచారు. కొద్దిరోజులకే గూగుల్ పట్టికలో అథఃపాతాళానికి పోయింది. యాహూలో, మైక్రోసాఫ్ట్ వారి యంత్రంలో మాత్రం దాని చోటు దానికి వుంది. యంత్రం వేసిన శిక్షేమో, మనవి చేసుకుంటే తొలగిపోతుందేమో అని వాళ్ళు మూడేళ్ళు ఎదురుచూశారు. శిక్ష తొలగింది 2009 డిసెంబరులో. అప్పటికే వాళ్ళు యూరపు కమిషన్‌కి ఫిర్యాదు చేసివున్నారు. గూగుల్ తన సొంత ధరలపోలిక దుకాణాన్ని పైన కూర్చోబెట్టి ఇతరుల్ని అణగదొక్కుతోందనేది అభియోగం. కమిషన్ 2017 జూన్ 27న గూగుల్‌కి 242 కోట్ల యూరోల జరిమానా విధించింది. గూగుల్ అప్పీలు చేసింది, ఓడింది. మళ్ళీ అప్పీలు చేసింది. యూరపు అత్యున్నత న్యాయస్థానం 2024 సెప్టెంబరు 10న ఆ జరిమానాని ఖాయం చేసింది. దుకాణం తెరిచిన పద్దెనిమిదేళ్ళకి రాఫ్ దంపతులు గెలిచారు. ఫౌండెమ్‌ని మాత్రం వాళ్ళు 2016లోనే మూసేశారు.